బొగ్గుల లెక్క అర్థమైతే కథ అర్థమైనట్టే

మీరు అడిగింది ఇదీ: మీ ఆవిడ ‘ఎంప్రెసెస్ ఇన్ ద ప్యాలెస్’ అనే చైనా డ్రామా 76 ఎపిసోడ్లూ పూర్తిచేసి, ఇప్పుడు 87 ఎపిసోడ్ల ‘రూయీస్ రాయల్ లవ్ ఇన్ ద ప్యాలెస్’లో పడ్డారు. మంచి లవ్ స్టోరీ అంటే మీరూ పక్కన కూర్చుని రెండు ఎపిసోడ్లు చూశారు. ఆడవాళ్ళంతా ఒకరికొకరు వంగి దండాలు పెట్టుకోవడం, టీ తాగడం తప్ప ఏమీ జరగలేదు. వీటిలో అంత ఏముంది, మన డైలీ సీరియల్‌కీ వీటికీ తేడా ఏమిటి, చూడాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

కొన్ని మలుపులు బయటపెట్టకుండా దీనికి జవాబు చెప్పడం నా వల్ల కాదు. ఇష్టం లేనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.

నేను పన్నెండేళ్ళుగా ఇవి చూస్తున్నాను. ఉద్యోగం అకౌంట్స్ సెక్షన్‌లో చేశాను, ముప్పై ఒక్క ఏళ్ళు చేసి రిటైరయ్యాను. ఈ రెండో సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఈ డ్రామాలు నాకు పట్టుబడింది దానివల్లే. అంతఃపురం అనగానే మనకు మల్లెపందిరి, చెలికత్తెలు, వెన్నెల గుర్తొస్తాయి. చైనా అంతఃపురం అలా ఉండదు. అదొక పెద్ద ఆఫీసు. గ్రేడ్లుంటాయి, జీతాలుంటాయి, స్టోర్స్ సెక్షన్ ఉంటుంది, అటెండర్లుంటారు. అక్కడ మొగుడే పెద్దసారు. రాజీనామా ఇచ్చి బయటపడే దారి లేదు. మీరు లవ్ స్టోరీ ఎక్కడుందా అని వెతికారు కాబట్టి రెండు ఎపిసోడ్లలో ఏమీ దొరకలేదు. ఎవరి గదిలో ఏ బొగ్గు మండుతోందో చూసుంటే మొత్తం దొరికేది.

బొగ్గు సంగతికి వస్తాను. ముందు జీతాలు చెప్పనివ్వండి, అలవాటు పోలేదు.

ఈ కథల్లో ఎక్కువ భాగం చింగ్ వంశం కాలంలో జరుగుతాయి. అంటే 1644 నుంచి 1912 దాకా బీజింగ్ నుంచి ఏలిన మంచూ చక్రవర్తుల కాలం. వాళ్ళ అంతఃపురానికి రాసిపెట్టిన నిబంధనలుండేవి. పట్టపురాణి ఒక్కరే, ఏడాదికి 1000 లియాంగ్‌ల వెండి. ఆమె కింద హువాంగ్ గ్విఫేయ్ అనే హోదా రాణి ఒకరు, 800. గ్విఫేయ్‌లు ఇద్దరు, 600. ఫేయ్‌లు నలుగురు, 300. పిన్‌లు ఆరుగురు, 200. ఆ కిందివాళ్ళకు సంఖ్య పరిమితి లేదు. గ్విరెన్‌కు 100, చాంగ్‌జాయ్‌కు 50, అందరికన్నా కింద ఉండే దాయింగ్‌కు 30. లియాంగ్ అంటే మన లెక్కలో సుమారు 37 గ్రాములు. దాసీలు కూడా గ్రేడును బట్టే. పట్టపురాణికి పదిమంది, దాయింగ్‌కు ఇద్దరు. బట్టలు, మాంసం, కొవ్వొత్తులు, చలికాలంలో బొగ్గు, అన్నీ ఇదే పద్ధతిలో నేయ్‌వూఫూ అనే శాఖ నుంచి వస్తాయి. మన స్టోర్స్ సెక్షన్ అనుకోండి.

ఇక్కడొక కిటుకుంది. కాగితం మీద జీతం గ్రేడును బట్టి వస్తుంది. చేతికొచ్చేది మాత్రం ఈ వారం చక్రవర్తి ఎవరి వాకిట్లోకి వెళ్ళాడన్న దాన్ని బట్టి వస్తుంది. ఆయన రావడం మానేస్తే రూలు మారదు, సరుకు మారుతుంది. పొగ రాని మంచి బొగ్గుకు బదులు కళ్ళు మండే నల్లబొగ్గు వస్తుంది. అడిగితే ‘ఈ నెల స్టాక్ తక్కువొచ్చిందమ్మా’ అంటాడు స్టోర్స్ వాడు, తల వంచి, మహా వినయంగా. ఆ వినయం నాకు బాగా తెలుసు. మా ఆఫీసులో ఒకావిడ పైసారుకు నచ్చని నోటు ఒకటి పెట్టింది. ఎవరూ ఒక్క మాటనలేదు. రెండు వారాల్లో ఆమె సీటు ఫ్యాను కింద నుంచి రికార్డు రూము తలుపు పక్కకు చేరింది. కుర్చీ చెయ్యి విరిగితే ఇండెంట్ పెట్టింది, నాలుగు నెలలు రాలేదు.

మీ ఆవిడ ఇప్పుడు చూస్తున్న రూయీ కథలో హైలాన్ అని ఒక చిన్న రాణి ఉంటుంది. నోట్లో నాలుక లేని పిల్ల. ఆమె ఉండే ప్రాసాదానికి పెద్ద అయిన మరో రాణి, ఈ పిల్ల బొగ్గు వాటా తానే వాడేసుకుంటుంది. పైగా మేలురకం బొగ్గు దొంగిలించిందని ఈమె మీదే నింద వేసి, మంచులో శిక్షిస్తుంది. బొగ్గు కోసం ఇంత గొడవా అనిపిస్తుంది. చక్రవర్తి ప్రేమ అనే కంటికి కనపడని వస్తువును తూకం వేసి చూపించడానికి వాళ్ళకు దొరికిన కాటా అదే. పువ్వులిచ్చి ఐ లవ్ యూ చెప్పే సీను కన్నా, ఒకరి కుంపట్లో పొగ మొదలవడం ఎక్కువ భయపెడుతుంది.

ఇక మీరు విసుక్కున్న దండాల సంగతి. ఆ దండాలే అక్కడ యుద్ధం. పొద్దున్నే రాణులంతా పట్టపురాణి దగ్గరికి వెళ్ళి కూర్చునే సీను మీరు చూసే ఉంటారు. ఎవరు ముందొచ్చారు, ఎవరు కావాలని ఆలస్యంగా వచ్చారు, ఎవరి మోకాలు ఎంత వంగింది, వంగినవాళ్ళను ‘లే’ అనడానికి పెద్దావిడ ఎంతసేపు ఆగింది, ఎవరి టీ కప్పు ముట్టుకోకుండానే ఉండిపోయింది. నాకు మొదటిసారి ఏమీ అర్థం కాలేదు. అర్థం చేసి పెట్టింది మా అమ్మ.

అమ్మకు ఇంగ్లీషు రాదు. ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని వత్తులు చేసుకుంటూ పక్కన కూర్చునేది. నేను సబ్‌టైటిల్స్ చదివి చెప్పేదాన్ని. పది ఎపిసోడ్లయ్యాక నన్ను చదవొద్దంది. ఆరుగురు తోటికోడళ్ళున్న ఉమ్మడి కుటుంబంలో పాతికేళ్ళు కాపురం చేసిన మనిషి. ‘ఆ నగలావిడతో భయం లేదే, అరుస్తుంది, పోతుంది. ఆ మధ్యలో కూర్చుని అందరికీ నచ్చజెబుతోందే, ఆవిడే.’ అప్పటికి పట్టపురాణి మీద కథలో ఏ అనుమానమూ లేదు. నేను ఒప్పుకోలేదు. ఇంకో యాభై ఎపిసోడ్లు చూశాక ఒప్పుకున్నాను.

అమ్మతో చూసిన ఆ డ్రామా ‘ఎంప్రెసెస్ ఇన్ ద ప్యాలెస్’. దాని పేరు చైనాలో ‘జెన్ హువాన్ కథ’ అనే అర్థంలో ఉంటుంది. 2011లో వచ్చింది. దర్శకుడు జెంగ్ షియావ్‌లోంగ్, హీరోయిన్ జెన్ హువాన్‌గా సున్ లీ. మూలం ల్యూ ల్యెన్‌జీ అనే రచయిత్రి ఇంటర్నెట్‌లో రాసిన నవల. నవల జరిగేది ఊహాలోకపు వంశంలో. డ్రామావాళ్ళు దాన్ని తీసుకొచ్చి నిజమైన యోంగ్‌జెంగ్ చక్రవర్తి కాలంలో, అంటే 1722 నుంచి 1735 మధ్యలో పెట్టారు. అన్నట్టు, తెరమీద వినపడే గొంతు సున్ లీది కాదు. జీ గ్వాన్‌లిన్ అనే డబ్బింగ్ ఆర్టిస్టుది. హీరోయిన్లకు వేరేవాళ్ళు డబ్బింగ్ చెప్పడం మనకు కొత్త కాదు కాబట్టి మనవాళ్ళకు ఇది వింతగా అనిపించదు.

మొదటి ఎపిసోడ్‌లో ఆడపిల్లల్ని వరసగా నిలబెట్టి చూస్తారు కదా, అది కల్పన కాదు. మంచూ సైనిక దళాల కుటుంబాల్లోని ఈడొచ్చిన ఆడపిల్లల్ని మూడేళ్ళకోసారి రాజమందిరానికి పిలిచేవారు. అక్కడ కాదనిపించుకున్నాకే బయట సంబంధం చూసుకోవాలి. జెన్ హువాన్‌కు ఎంపిక కావాలని లేదు, అయిపోతుంది. లోపలికి వెళ్ళాక మొదటి రోజుల్లోనే అక్కడి పద్ధతి చూసి హడలిపోయి, తెలిసిన వైద్యుడి సాయంతో జబ్బు నటిస్తుంది. ఎందుకు? రాత్రి భోజనం వేళ రాణుల పేర్లున్న చెక్కబిళ్ళల్ని పళ్ళెంలో పెట్టి చక్రవర్తి ముందుకు తెస్తారు. ఆయన ఏ బిళ్ళ తిప్పితే ఆ రాత్రి ఆమెది. ఒంట్లో బాగోలేనివాళ్ళ బిళ్ళ పళ్ళెంలో ఉండదు. ఆ పళ్ళెంలోంచి తప్పుకోవడానికి ఆమె మెడికల్ లీవు పెట్టిందన్నమాట. వెంటనే కొందరు నౌకర్లు వేరే రాణి కొలువులోకి మారిపోతారు. సంపాదన లేని సీటు దగ్గర అటెండర్లు నిలబడరు.

మరి ఇందులో ప్రేమ లేదా అంటే, ఉంది. ఉన్నందుకే ప్రమాదం. ఒకనాడు జెన్ హువాన్ తోటలో ఉయ్యాల మీద కూర్చుని వేణువు లాంటి వాద్యం వాయిస్తుంటుంది. చెట్టు నిండా పూలు. ఒకతను వస్తాడు. చక్రవర్తే. ఆ మాట చెప్పడు. తాను గువో రాకుమారుణ్ణని, అంటే తన తమ్ముడి పేరు చెప్పుకుంటాడు. ఆమెకు ఆ మనిషి నచ్చుతాడు. తర్వాత నిజం తెలుస్తుంది. ఆయన పేరు ప్రఖ్యాతులేవీ పట్టనట్టు ఏకాంతంలో ‘సీలాంగ్’ అని పిలుస్తుంది. తండ్రికి నాలుగో కొడుకు కాబట్టి ఆ ముద్దుపేరు.

ఈ పిలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. సబ్‌టైటిల్స్‌లో పోయేది సరిగ్గా ఇదే. ఇంగ్లీషులో అందరికీ ఒకటే ‘ఐ’. ఆ కొలువులో ‘నేను’ అనే మాట ఎవరూ ఊరికే వాడరు. చక్రవర్తి తనను తాను ‘జెన్’ అంటాడు, ఆ మాట ఇంకెవరూ వాడకూడదు. రాణి చక్రవర్తితో మాట్లాడేటప్పుడు ‘చెన్‌చ్యే’, అంటే మీ దాసురాలిని. అదే రాణి తనకన్నా కిందివాళ్ళ వైపు తిరిగితే ‘బెన్‌గోంగ్’, ఈ ప్రాసాదం. దాది ‘నూబీ’, నపుంసకుడైన సేవకుడు ‘నూత్సాయ్’. ఒకే మనిషి ఒకే సీనులో మెడ ఇటు తిప్పితే దాసురాలు, అటు తిప్పితే ప్రాసాదం. నువ్వు, మీరు, తమరు, ఏలినవారు అని మెట్లు కట్టుకున్న భాష మనది. మనకు ఇది ఇంగ్లీషువాళ్ళకన్నా తొందరగా తలకెక్కుతుంది. చెవి పెట్టి వినండి చాలు, అర్థం తెలియకపోయినా పదిరోజుల్లో పట్టేస్తారు. ఇన్ని గౌరవాల మధ్య ఒకామె దేశాన్నేలేవాణ్ణి ముద్దుపేరు పెట్టి పిలిచిందంటే ఎంత నమ్మిందో ఊహించుకోండి.

ఆ నమ్మకం పగిలేది ఒక వస్త్రం దగ్గర. పదవి పెరిగే వేడుక రోజున ఆమె కట్టుకోవాల్సిన దుస్తులు పాడయ్యాయని తెలుస్తుంది. టైము లేదు. స్టోర్స్ అధికారి దాచి ఉంచిన పాత దుస్తులొకటి తెచ్చిస్తాడు. ఆమె అది వేసుకుని నడిచొస్తుంది. చక్రవర్తి ముఖం ఒక్క క్షణం వెలిగిపోతుంది. మరుక్షణం పిడుగు పడినట్టవుతుంది. ఆ దుస్తులు చనిపోయిన ఆయన మొదటి భార్య చున్‌యువాన్‌వి. ఇంతకాలం ఆయన తనలో చూసుకున్నది ఆమె పోలికలనీ, తనకు ముద్దుగా ఇచ్చాడనుకున్న ‘వాన్’ అనే బిరుదు కూడా ఆమె ముద్దుపేరుకు నకలనీ జెన్ హువాన్‌కు అప్పుడు తెలుస్తుంది.   సున్ లీ ముఖంలో ఒక్కో దీపం ఆరిపోతున్నట్టు ఉంటుంది. అమ్మ చేతిలో వత్తి అలాగే ఉండిపోయింది. నేను రిమోట్ నొక్కి ఆపేసి నీళ్ళు తాగొచ్చాను.

ఇదంతా చేయించింది పట్టపురాణి. చచ్చిపోయిన ఆ మొదటి భార్య ఎవరనుకున్నారు, పట్టపురాణికి సవతి అక్క.

చివర్లో చక్రవర్తి మంచాన పడి ఉంటాడు. ఒక్కసారి సీలాంగ్ అని పిలవమని అడుగుతాడు. ఆమె ఉయ్యాల రోజు గుర్తుచేస్తుంది. ఆనాడు మీరు గువో రాకుమారుణ్ణని చెప్పారు, బహుశా మొదలే తప్పేమో అన్న అర్థంలో చెబుతుంది. అప్పటికి ఆమె ఆ అసలు గువో రాకుమారుణ్ణి నిజంగా ప్రేమించి పోగొట్టుకుని ఉంటుంది. ఎక్కడో తొలి ఎపిసోడ్లలో సరదాగా చెప్పిన చిన్న అబద్ధం తిరిగొచ్చి 76వ ఎపిసోడ్‌లో వడ్డీతో సహా వసూలవుతుంది. డైలీ సీరియల్‌తో తేడా అడిగారు కదా, ప్రధానంగా ఇదే. ఈ డ్రామాలు మొదలు నుంచి చివరిదాకా రాసుకుని, మొత్తం తీసేశాక ప్రసారం చేస్తారు. మన సీరియల్ టీఆర్పీ ఉన్నన్నాళ్ళు సాగాలి. రచయితకు కూడా ముగింపు ఎప్పుడో తెలియదు, పాపం. పొడుగులో వీళ్ళేం తక్కువ తినలేదు, రూయీ కథలో మధ్యలో ఇరవై ఎపిసోడ్లు ఎత్తేసినా నష్టం లేదు. కాకపోతే గమ్యం తెలిసిన బండి అది.

రెండో తేడా, విలన్‌కు కూడా లెక్క ఉంటుంది. అమ్మ ‘నగలావిడ’ అన్నది హువా ఫేయ్‌ని. అహంకారి. ఎండలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి జెన్ హువాన్ గర్భం పోవడానికి కారణమైన మనిషి. ఆమె అన్న పెద్ద సేనాని. చక్రవర్తి ఆమెకు మాత్రమే ఒక ప్రత్యేకమైన ధూపం ఇస్తాడు. ఇంకెవరికీ ఉండదు. ఆమెకు అదే గర్వం, రోజూ వేయించుకుంటుంది. పిల్లలు మాత్రం కలగరు. అమ్మ ఒకరోజు, ‘అంతమంది ఉండగా ఒక్కదానికే ఇచ్చే ప్రసాదం తినకూడదే’ అంది. ఆ ధూపంలో కస్తూరి ఉంది, దానివల్ల గర్భం నిలవదని ఈ కథల్లో లెక్క. ఆమెకు కొడుకు పుడితే అన్న బలం ఇంకా పెరుగుతుందని చక్రవర్తే కలిపించాడు. ఆ నిజం తెలిసిన రోజు హువా ఫేయ్ తల గోడకేసి కొట్టుకుని చనిపోతుంది. 40 ఎపిసోడ్లు ఆమెను తిట్టుకున్నవాళ్ళంతా ఆ రోజు ఆమె కోసం ఏడ్చారు. నేనూ ఏడ్చాను.

చరిత్రలో ఇలా జరగలేదు. ఆ అన్న న్యెన్ గెంగ్‌యావ్ నిజమైన సేనానే. చక్రవర్తికి కంటగింపై 1726 మొదట్లో ఆత్మహత్య చేసుకోవాలన్న ఆజ్ఞతో ప్రాణం తీసుకున్నాడు. చెల్లెలు అంతకు కొద్ది వారాల ముందే జబ్బుతో పోయింది. ఆమెకు నలుగురు పిల్లలు పుట్టారు, ఒక్కరూ పెరిగి పెద్దవాళ్ళు కాలేదు. అంటే ధూపం కథ కల్పన, దుఃఖం మాత్రం నిజం.

చరిత్ర సంగతి వచ్చింది కాబట్టి 2018 గురించి చెప్పాలి. నాకు బాగా ఇష్టమైన విషయమిది. ఆ ఏడాది జులైలో ‘స్టోరీ ఆఫ్ యాన్‌షీ ప్యాలెస్’ వచ్చింది, 70 ఎపిసోడ్లు. నెల తిరిగేసరికి ఆగస్టులో రూయీ కథ వచ్చింది. రెండూ చియెన్‌లోంగ్ చక్రవర్తి అంతఃపురం గురించే. అదే మొగుడు, అవే భార్యలు. మొదటిదాంట్లో వేయ్ వంశపు అమ్మాయి హీరోయిన్, నారా వంశపు రాణి విలన్. రెండోదాంట్లో నారా రాణే హీరోయిన్ రూయీ, వేయ్ అమ్మాయి విలన్. ఒకే ఫైలు ఇద్దరు ఆడిటర్లకిస్తే ఒకరు క్లీన్ చిట్ ఇచ్చి, ఇంకొకరు సస్పెండ్ చేసినట్టు! రెండూ వెంటవెంటనే చూసినప్పుడు నాకు ఎవరిని తిట్టుకోవాలో తెలియలేదు.

ఇలా ఎందుకు కుదిరిందంటే చరిత్రలో అక్కడ ఒక కన్నం ఉంది. 1765లో చియెన్‌లోంగ్ దక్షిణాది యాత్రకు వెళ్ళాడు, నారా పట్టపురాణి వెంట ఉంది. హాంగ్‌జౌ ఊళ్ళో ఏదో జరిగింది. ఆమె తన జుట్టు తానే కత్తిరించుకుంది. మంచూ ఆచారంలో ఆడది జుట్టు కత్తిరించుకునేది భర్తో అత్తగారో పోయినప్పుడు. బతికున్న చక్రవర్తి ఎదుట, బతికున్న రాజమాత ఉండగా ఆ పని చేసింది. ఆమెను బీజింగ్‌కు పంపేశారు. మరుసటి ఏడాది చనిపోయింది. పట్టపురాణి మర్యాదలతో అంత్యక్రియలు జరగలేదు, సొంత సమాధి కూడా లేదు, వేరే రాణి సమాధిలో పెట్టారు. ఆమె బొమ్మ ఇదీ అని నిర్ధారణగా చెప్పగల చిత్రం మిగల్లేదు. హాంగ్‌జౌలో ఆ రోజు ఏం మాట జరిగిందో ఎక్కడా రాసిలేదు. ఆ ఒక్క కన్నంలోంచి రచయితలు వందల ఎపిసోడ్లు లాగారు. ఇంకోవైపు వేయ్ అమ్మాయి సేవకుల తరగతి కుటుంబం నుంచి వచ్చి, తర్వాతి చక్రవర్తికి తల్లయింది. ఆమె పోయిన ఇరవై ఏళ్ళకు పట్టపురాణి బిరుదు ఇచ్చారు.

రూయీ కథలో రూయీగా వేసిన జౌ షున్ ఆ జుట్టు సీను చేసిన తీరు గురించి రాయాలని ఉంది, రాయను. కారణం చివర్లో చెబుతాను.

మన పురాణంలో కైకకు కోపం వస్తే వెళ్ళి పడుకోవడానికి కోపగృహం ఉంది. దశరథుడే వెతుక్కుంటూ వచ్చి బతిమాలాడు. సత్యభామ సంగతి సరేసరి. చైనా రాజమందిరంలో అలిగిన రాణికి దొరికేది ‘లెంగ్‌గోంగ్’, అంటే చల్లటి ప్రాసాదం. అది ఒక భవనం పేరు కాదు, చక్రవర్తి మరిచిపోవాలనుకున్న రాణిని ఎక్కడ పడేస్తే అదే. అలకను కూడా ఆడవాళ్ళ చేతిలోంచి లాగేసుకున్న వ్యవస్థ అది. అందుకే అక్కడ ఎవరూ పైకి అలగరు. నవ్వుతారు. ఆ నవ్వు వెనక ఏముందో చదవడమే మనకు పని.

ఇక కంటికి కనిపించే సంబరం. అది లేదని నేననను, సగం జనం అందుకే చూస్తారు. చాలా షూటింగ్‌లు జెజియాంగ్ రాష్ట్రంలోని హెంగ్‌దియన్ స్టూడియోల్లో జరుగుతాయి. బీజింగ్‌లో 1406 నుంచి 1420 మధ్య కట్టిన ఫర్బిడెన్ సిటీ దాదాపు 178 ఎకరాల్లో ఉంటుంది. దానికి నకలు అక్కడ కట్టి పెట్టారు. చెవికి మూడేసి కమ్మలు, అరికాలి మధ్యలో పూలకుండీ లాంటి మడమ ఉన్న చెప్పులు, చిటికెన వేలికి బంగారు గోరు తొడుగు. ఆ చెప్పులతో వేగంగా నడవలేరు, ఆ గోళ్ళతో పనిచేయలేరు. నాకు వీటన్నిటికన్నా నచ్చింది యాన్‌షీలో చియెన్‌లోంగ్ మొదటి పట్టపురాణి ఫుచా తల్లో పూలు. బంగారం, ముత్యాలు ఉండవు. సన్నటి తీగకు పట్టు నూగు చుట్టి చేసిన పూలు. నాన్‌జింగ్ ఊళ్ళో ఆ కళ ఇంకా బతికుంది. ఇదేదో కాస్ట్యూమ్ డిజైనర్ ముచ్చట అనుకున్నాను. తర్వాత తెలిసింది, నిజమైన ఫుచా రాణి కూడా ముత్యాలు పక్కన పెట్టి ఉత్తుత్తి పూలే పెట్టుకునేదని చింగ్ చరిత్రలోనే రాశారట. 1748లో యాత్ర మధ్యలో ఆమె పోతే చియెన్‌లోంగ్ ఆమె మీద విలాప కవిత రాశాడు. డ్రామాలో ఆమె చావును వేరేగా, ఇంకా కర్కశంగా చూపించారు.

తప్పులు లేవా? బోలెడు. కస్తూరి వాసన తగిలితే గర్భం పోవడం అనే మంత్రం వీళ్ళు ఎన్నిసార్లు వాడారో లెక్కే లేదు, వైద్యం అలా పనిచేయదు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టేది ఇంకొకటి. ఒక్క మగాడి కోసం ముప్పైమంది ఆడవాళ్ళు ఒకరినొకరు తినేస్తుంటే, ఆ ఏర్పాటు చేసినవాడు మాత్రం ఫైళ్ళు చూసుకుంటూ తలనొప్పిగా ఉందంటాడు. మంచి డ్రామా ఆ సంగతి మనకు తెలిసేలా చేస్తుంది. నాసిరకంది ఆయన్ని హీరోను చేస్తుంది. నా వరకు మంచికీ చెడ్డకీ గీటురాయి అదే. చైనాలో అభ్యంతరం ఇంకో రకంగా వచ్చింది. 2019 జనవరిలో బీజింగ్‌లోని పార్టీ పత్రిక ఒకటి ఇవి ఆడంబరాన్నీ కుట్రలనూ నేర్పుతున్నాయని విమర్శించింది. ఆ వెంటనే కొన్ని ఛానెళ్ళు వీటి పునఃప్రసారం ఆపేశాయి. ఆ తర్వాత ఇంత భారీ అంతఃపుర కథలు తగ్గాయి. అవే ఎత్తులు పైఎత్తులు పెద్దింటి కుటుంబాల కథల్లోకి వెళ్ళాయి.

మీరు ఎక్కడ మొదలుపెట్టాలంటారా? రెండు ఎపిసోడ్లకే విసుగొచ్చింది కాబట్టి మీకు యాన్‌షీ. అక్కను చంపిందెవరో తెలుసుకోవడానికి కుట్టుపని దాదిగా లోపలికి వచ్చిన పిల్ల కథ. ఒకరు కొడితే ఎపిసోడ్ అయ్యేలోపు తిరిగి కొడుతుంది. మాస్ సినిమా ఊపు ఉంటుంది. నాకైతే అంత ఊపు కాస్త ఎక్కువే అనిపించింది, మీకు సరిపోతుంది. అది అయ్యాక జెన్ హువాన్‌కు రండి. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ కోసం దాన్ని ఆరు ఎపిసోడ్లకు కుదించిన వెర్షన్ ఒకటి ఉంది. దాని జోలికి వెళ్ళొద్దు. అందులో బొగ్గులు, టీ కప్పులు, పలకరింపులు పోతాయి. అవి పోతే మిగిలేది మీరన్నట్టు దండాలే. అచ్చంగా ప్రేమే కావాలంటే 2011లోనే వచ్చిన ‘స్కార్లెట్ హార్ట్’ ఉంది, 35 ఎపిసోడ్లు. ఈ కాలం అమ్మాయి ఆ కాలంలోకి వెళ్ళిపడుతుంది. ఏ రాకుమారుడు చక్రవర్తి అవుతాడో ఆమెకు ముందే తెలుసు. రుమాలు దగ్గర పెట్టుకోండి.

రూయీ కథ మీకు ఇప్పుడే వద్దు. చిన్నప్పటి నుంచి ఒకరినొకరు ఇష్టపడిన ఇద్దరు పెళ్ళయ్యాక మెల్లమెల్లగా పరాయివాళ్ళవుతారు. ఎవరూ పెద్దగా అరవరు. అది చూడటానికి కొంచెం వయసు కావాలి, లేదా కొంచెం కాపురం చేసుండాలి. మీ ఆవిడ 87లో ఎంతదాకా వచ్చారో మీరు రాయలేదు. ఈ జవాబు ఆమెకు చూపించకండి, హాంగ్‌జౌ మాట కూడా ఎత్తకండి. జుట్టు సీను చివరి ఎపిసోడ్లలో ఉంది. ఆ రోజు మాత్రం ఫోను పక్కన పెట్టి పక్కన కూర్చోండి. టీ మీరే పెట్టండి.